కట్టు విప్పాక

అరచేతిలో ఎముక విరిగింది. కట్టు కట్టారు. కొన్ని వారాలకు అతుక్కుంది. కట్టు విప్పి చూస్తే చెయ్యి సన్నబడింది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు, చెంబు ఎత్తడానికి కూడా పట్టు చాలడం లేదు. ఇప్పుడేం చెయ్యాలి? సుశ్రుత సంహితలో విరిగిన ఎముకలకు చికిత్స చెప్పే అధ్యాయం సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. మొదట మట్టిముద్దను గుప్పిట పట్టించాలి. అది చేతనయ్యాక ఉప్పుగల్లు. బలం పుంజుకున్నాక రాయి.

వెయ్యేళ్లు ఎప్పుడో దాటిన ఈ వరుసను నేటి ఫిజియోథెరపీ గదిలో పెట్టి చూడండి. స్పాంజి బంతి, గట్టి రబ్బరు బంతి, ఆపైన స్ప్రింగు గ్రిప్పరు. వస్తువులు మారాయి గానీ వరుస మారలేదు. తేలికైనదానితో మొదలుపెట్టి, ఒళ్లు ఓర్చుకున్నకొద్దీ బరువు పెంచడం. వ్యాయామం తన శక్తిలో సగం మేరకే చెయ్యాలని, మించితే చేటని కూడా ఆ గ్రంథమే హెచ్చరించింది. ఇంత తేటగా తెలిసిన సంగతిని వైద్యలోకం పదే పదే మరిచిపోయింది, పదే పదే మళ్లీ కనుక్కుంది. ఫిజియోథెరపీ చరిత్ర నాకు అలాగే కనిపిస్తుంది. ప్రతిసారీ గుర్తుచేసినవాళ్లు రోగులే. యుద్ధంలో కాళ్లూ చేతులూ దెబ్బతిన్న సిపాయిలు, పోలియో సోకిన పసివాళ్లు, మైదానంలోకి మళ్లీ దిగి తీరాలని పట్టుబట్టిన ఆటగాళ్లు.

గ్రీకుల్లో హెరోడికస్ అనే వ్యాయామ శిక్షకుడు కసరత్తునే జబ్బులకు మందుగా వాడాడు. ప్లేటోకు అది నచ్చలేదు. చావును సాగదీసే వైద్యమని 'రిపబ్లిక్'లో విమర్శించాడు. హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లో జారిన భుజాన్ని మళ్లీ గూట్లోకి ఎక్కించే పద్ధతుల వివరం ఉంది. రోమన్ల కాలంలో గాలెన్ పెర్గమం పట్టణంలో క్రీ.శ. 157 నుంచి గ్లాడియేటర్లకు వైద్యం చేశాడు. బరిలోకి దిగే మనుషులకు ప్రత్యేకంగా ఒక వైద్యుణ్ణి పెట్టుకోవడం అంత పాత ఏర్పాటన్నమాట. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఈ విద్య ఎక్కువగా మర్దన చేసేవాళ్ల చేతుల్లో, ఎముకలు కట్టేవాళ్ల ఇళ్లలో, తాలీంఖానాల్లో, సాముగరిడీల్లో బతికింది. వాళ్లలో చాలామంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

బడి పెట్టి నేర్పే వృత్తిగా దీన్ని మలచింది స్వీడన్. పెర్ హెన్రిక్ లింగ్ కత్తిసాము నేర్పే గురువు. 1813లో స్టాక్‌హోంలో ఆయన రాయల్ సెంట్రల్ జిమ్నాస్టిక్స్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. బడిపిల్లలకు, సైన్యానికి పనికొచ్చే కసరత్తుతోపాటు రోగులకు పనికొచ్చే కసరత్తును కూడా ఒక శాఖగా అక్కడ నేర్పారు. 1887 నాటికి ఆ దేశ వైద్యమండలి ఈ విద్య నేర్చినవాళ్లను అధికారికంగా నమోదు చేయడం మొదలుపెట్టింది.

లండన్‌లో కథ వేరు. 1894లో మర్దనశాలల ముసుగులో వ్యభిచారం నడుస్తోందన్న వార్తలు బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చి దుమారం రేగింది. ఆస్పత్రుల్లో నిజాయతీగా మర్దన చికిత్స చేస్తున్న నర్సుల పరువు పోయే పరిస్థితి. లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు స్త్రీలు అదే ఏడాది ఒక సంఘం పెట్టుకున్నారు. డాక్టరు చెప్పనిదే ఎవరికీ చికిత్స చేయకూడదు, వైద్య పత్రికల్లో తప్ప ఎక్కడా ప్రకటన ఇవ్వకూడదు, రోగులకు మందులు అమ్మకూడదు అని కఠినమైన నియమాలు రాసుకున్నారు, పరీక్షలు పెట్టారు. నేటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీకి మూలం ఆ సంఘమే. ఆ రక్షణ గోడ అప్పటికి అవసరమే. కానీ డాక్టరు చీటీ లేకుండా ఫిజియోథెరపిస్టు రోగిని చూడకూడదన్న ఆచారం అది కట్టినవాళ్ల తర్వాత కూడా దశాబ్దాలు నిలబడింది. దాన్ని మొదట తొలగించుకున్న దేశం ఆస్ట్రేలియా, 1976లో.

పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే డాక్టర్ల మధ్య ఒక పెద్ద వాదం నడిచింది. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ తరతరాలుగా ఎముకలు కట్టే వెల్ష్ కుటుంబంలో పుట్టి డాక్టరైనవాడు. దెబ్బతిన్న కీలుకు విశ్రాంతి కావాలి, ఆ విశ్రాంతి నిర్బంధంగా, ఎడతెగకుండా, దీర్ఘకాలం సాగాలన్నది ఆయన సిద్ధాంతం. తొడ ఎముక విరిగినప్పుడు కాలును కదలకుండా పట్టి ఉంచే ఆయన స్ప్లింటు మొదటి ప్రపంచ యుద్ధంలో ఎందరో సిపాయిల ప్రాణాలు కాపాడింది. పారిస్‌లో లూకా-షాంపియోనియేర్ అనే సర్జన్ మాట దీనికి పూర్తిగా ఎదురు. విరిగిన చోట కూడా తొందరగా మర్దన, మితమైన కదలిక మొదలుపెట్టాలని ఆయన పోరాడాడు. విరిగిన ఎముకను నిలిపి ఉంచడంలో థామస్ చెప్పింది సరైనదే. ఆ ఎముక చుట్టూ ఉన్న కండరం, కీలు, నరం సంగతిలో లూకా-షాంపియోనియేర్ చెప్పింది సరైనది. వైద్యలోకం మాత్రం చాలాకాలం థామస్ వైపే మొగ్గింది.

ఎముకలు కట్టే కుటుంబం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది పుత్తూరు. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న ఆ ఊరి పేరు మీదే 'పుత్తూరు కట్టు' తెలుగునాటా తమిళనాటా వాడుకలోకి వచ్చింది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డపీలికలు. హైదరాబాద్ పాతబస్తీలో పహిల్వాన్లు చేసే వైద్యం మరో తీరు. డచ్ సైనిక డాక్టరు మాథైసన్ 1851లో పిండికట్టు గుడ్డను కనిపెట్టక ముందు ప్రపంచమంతటా ఎముక నిలబడింది ఇలాంటి చేతుల వల్లే. ఆ చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఏ కట్టయినా సరే, నాటుదైనా పిండికట్టయినా, మరీ బిగుసుకుంటే రక్తం అందక కండరం చచ్చిపోతుంది, వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. కట్టు కట్టాక వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, ఓర్వలేనంత నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. ఇక రెండో సంగతి. కట్టు విప్పిన రోజుతో వైద్యం అయిపోయిందనుకోవడం పుత్తూరులోనూ ఉంది, కార్పొరేట్ ఆస్పత్రిలోనూ ఉంది. నిజానికి ఆ రోజు వైద్యం సగానికి వచ్చినట్టు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ రెండో సగాన్ని ప్రభుత్వాల కళ్లకు కట్టింది. లక్షల మంది బతికి బయటపడ్డారు. కానీ చేతులు లేవవు, మోకాళ్లు వంగవు. బ్రిటన్‌లో 1914లోనే సైన్యం కోసం మర్దన దళం ఏర్పడింది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం 1913లో మొదలుపెట్టిన మర్దన పాఠశాల ఆ యుద్ధంలో అక్కరకొచ్చింది. అమెరికాలో 1918లో 'రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్' పేరుతో యువతులను సైనిక ఆస్పత్రుల్లో చేర్చుకున్నారు. వాళ్లలో మేరీ మెక్‌మిలన్ ముందువరసలో నిలిచింది. 1921లో అక్కడ ఏర్పడిన తొలి ఫిజియోథెరపిస్టుల సంఘానికి ఆమే అధ్యక్షురాలు. ఈ వృత్తి తొలి అధ్యాయాలన్నీ దాదాపుగా స్త్రీలు రాసినవే అన్న సంగతి మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధం వెనకే పోలియో. ఆనాటి వైద్యం చచ్చుబడ్డ కాలికి కూడా థామస్ సిద్ధాంతాన్నే వర్తింపజేసింది. బలంగా ఉన్న కండరం బలహీనమైనదాన్ని లాగి వంకర చేస్తుందేమోనన్న భయంతో పిల్లలను నెలల తరబడి స్ప్లింటుల్లో, పిండికట్లలో బంధించి ఉంచారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పల్లెల్లో తిరిగి వైద్యం చేసిన ఎలిజబెత్ కెనీ నర్సింగు డిగ్రీ లేని నర్సు. ఆమె ఉన్ని కంబళి ముక్కలను వేడినీళ్లలో ముంచి, పిండి, బిగిసిన కండరాలకు చుట్టి కాపడం పెట్టింది. నొప్పి తగ్గగానే ఏ కండరం ఎక్కడుందో, దాన్ని ఎలా కదపాలో పిల్లలకు ఓపిగ్గా మళ్లీ నేర్పింది. 1938లో సొంత రాష్ట్రంలోని విచారణ సంఘం ఆమె పద్ధతిని తోసిపుచ్చింది. 1940లో ఆమె అమెరికా వెళ్లింది. రెండేళ్లకు మినియాపోలిస్‌లో ఆమె పేరున ఒక సంస్థే వెలిసింది. పోలియో ఎందుకు వస్తుంది, కండరంలో ఏం జరుగుతుంది అని ఆమె చెప్పిన వివరణల్లో చాలా తప్పులున్నాయి. చేతులు చేసిన పని మాత్రం ఒప్పు. టీకా లేని ఆ రోజుల్లో స్ప్లింటుల నుంచి పిల్లలను విడిపించింది ఆ పనే. అమెరికాలోని టెనెసీలో విల్మా రుడాల్ఫ్ అనే నల్లజాతి అమ్మాయికి చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి కాలిపర్ వేశారు. ఇంట్లోవాళ్లు వంతులేసుకుని రోజూ ఆ కాలికి మర్దన చేశారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆమె పరుగులో మూడు స్వర్ణాలు గెలిచింది.

మన దేశంలో ఈ వృత్తికి తలుపు తీసింది కూడా పోలియోనే. 1952లో బొంబాయిలో పోలియో విజృంభించింది. మరుసటి ఏడాది కేఈఎం ఆస్పత్రిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, ఫిజియోథెరపీ పాఠశాల మొదలైంది. 1955లో ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ ఏర్పడింది. తెలుగునాట పోలియో కాళ్లు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు వీధి వీధినా కనిపించాయి. తిరుపతిలో దేవస్థానం నడిపే బర్డ్ ఆస్పత్రి అలాంటి ఎందరినో నిలబెట్టింది. విశాఖకు చెందిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు ఊరూరా శిబిరాలు పెట్టి పోలియో శస్త్రచికిత్సలు చేశారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైంది.

చిత్తూరు సరిహద్దు దాటితే వెల్లూరు. మన జిల్లాల నుంచి తరతరాలుగా రోగులు వెళ్లే క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940ల చివర డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల కొంకర్లు పోయిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. బాగా పనిచేస్తున్న కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండాన్‌ను తీసి, చచ్చుబడిన వేళ్లకు కలిపేవాడు. కుట్లు మానాక అసలు పని మొదలయ్యేది. మణికట్టును ఆడించడానికి పుట్టిన కండరం ఇప్పుడు వేలిని చాచాలి. మెదడుకు ఆ సంగతి తెలియదు. ఫిజియోథెరపిస్టు ఎదురుగా కూర్చుని, పాత కదలికను చెయ్యమని అడిగి, కొత్త వేలు కదిలినప్పుడల్లా చూపించి, రోజుల తరబడి అదే చేయిస్తే గానీ ఆ వేలు స్వాధీనంలోకి రాదు. సర్జన్ కత్తి ఎంత నేర్పుగా పనిచేసినా ఆ రోజులు లేకపోతే చెయ్యి చెయ్యి కాదు.

అక్కడే పనిచేస్తున్న యువ డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం స్వాధీనం కోల్పోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. విదేశాల్లో పునరావాస వైద్యం చదివి తిరిగొచ్చి ఆ విభాగాన్ని నడిపింది. 1966లో వెల్లూరులో పునరావాస సంస్థ తెరిచింది. నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ చేసిన పనికి ఇది మన గడ్డ మీది తోడు. స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సిపాయిలను మంచాల మీంచి లేపి ఆటలు ఆడించినవాడు ఆయన. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, పదహారు మందితో ఆయన పెట్టిన విలువిద్య పోటీయే పారాలింపిక్స్‌గా ఎదిగింది.

కాలు పోయినవాళ్ల కథలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన పుట ఉంది. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, చేతిపనివాడైన రామచంద్ర శర్మ కలిసి, చెప్పుల్లేకుండా నడవడానికీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోడానికీ వీలైన కృత్రిమ పాదాన్ని తయారుచేశారు. మన నేలకు, మన అలవాట్లకు తగిన పాదం అది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ ఆ పాదంతో నాట్యం సాధన చేసి 1984లో మళ్లీ వేదిక ఎక్కింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 'మయూరి'గా ఆ కథ తెలుగు తెరకొచ్చింది, ఆమే నటించింది. ఆ సినిమా చూసినవాళ్లందరికీ గుర్తుండేది చివరి నాట్యం. నాకు ముఖ్యమనిపించేది దానికి ముందు గడిచిన కాలం. కొత్త పాదం కోసిన చర్మం, నెత్తురు, మళ్లీ మొదటి అడుగు.

బరువు సంగతికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో షికాగో సైనిక ఆస్పత్రిలో థామస్ డిలోర్మ్ అనే యువ డాక్టరు ఉండేవాడు. స్వయంగా బరువులెత్తే అలవాటున్నవాడు. ఆపరేషన్ అయిన మోకాళ్లకు తేలికపాటి కదలికలే వందలసార్లు చేయించడం అప్పటి పద్ధతి. ఆయన ఇనుప బూటుకు బరువులు తగిలించి, పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువును కొలిచి, వారం వారం పెంచాడు. 1945లో ఫలితాలు ప్రచురించాడు. సుశ్రుతుడి మట్టిముద్ద, ఉప్పుగల్లు, రాయి ఇప్పుడు పౌనుల్లో లెక్కకొచ్చాయి.

అయినా మంచం మీద విశ్రాంతి మీద నమ్మకం పోలేదు. దాన్ని కదిలించినవి రెండు పరిశోధనలు. 1966లో డల్లాస్‌లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు కుర్రాళ్లను మూడు వారాలు పూర్తిగా మంచం మీద ఉంచి, వాళ్ల శారీరక సామర్థ్యం ఎంత పడిపోయిందో కొలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగుర్నీ మళ్లీ పరీక్షించారు. మూడు వారాల పడక చేసిన నష్టం ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఎక్కువని తేలింది. రెండోది 1986లో వచ్చింది. నడుం పట్టేసి వచ్చినవాళ్లలో కొందరికి రెండు రోజులు, కొందరికి వారం రోజులు పడక చెప్పి డేయో బృందం పోల్చి చూసింది. నొప్పి తగ్గడంలో తేడా లేదు, రెండు రోజులవాళ్లు పనికి తక్కువ రోజులు ఎగ్గొట్టారు. నడుం నొప్పికి పదిహేను రోజులు కదలకుండా పడుకోమనే సలహా ఇప్పటికీ మన ఇళ్లలో వినిపిస్తుంది. జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, మలమూత్రాల మీద పట్టు పోవడం లాంటి ప్రమాద సూచనలు లేని మామూలు నడుం నొప్పికి ఆ సలహా చెల్లి దాదాపు నలభై ఏళ్లయింది.

ఆటల లోకం ఈ చరిత్రలో ఆలస్యంగా చేరింది గానీ అందరికన్నా వేగంగా నడిపించింది. కారణం సులువు. ఆటగాడికి 'నడవగలిగితే చాలు' అన్న జవాబు చాలదు. 1978లో అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్ బెణుకులకు విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాలు రాశాడు. 'రైస్' పేరుతో అవి ప్రతి పీఈటీ మాస్టారి నోటా పలికాయి. 2014లో ఆయనే తన మాట సవరించుకున్నాడు. ఐసు నొప్పిని తగ్గించినా మానే ప్రక్రియను ఆలస్యం చేయవచ్చని, పూర్తి విశ్రాంతి కూడా అంతేనని రాశాడు. వాపు అంటే ఒళ్లు తన మరమ్మతు మొదలుపెట్టిందని అర్థం. బాధ ఎక్కువగా ఉన్న మొదటి రోజుల్లో కాపాడుకోవడం, ఆ తర్వాత తట్టుకోగలిగినంత బరువు మోపడం నేటి పద్ధతి.

మడమ వెనక టెండాన్ నొప్పి కథ అందుకు చక్కని సాక్ష్యం. స్వీడన్‌లో హొకాన్ ఆల్ఫ్రెడ్సన్ అనే ఆర్థోపెడిక్ డాక్టరు ఆ నొప్పితోనే బాధపడుతూ, ఆపరేషన్‌కు పై డాక్టరు ఒప్పుకోకపోతే, టెండాన్‌ను తెంపేసుకుంటే ఒప్పుకుంటారని దాని మీద భారం వేస్తూ పోయాడని, తెగకపోగా నొప్పి తగ్గిపోయిందని చెబుతారు. 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన చేయించిన వ్యాయామం ఇది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడాలి. నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించాలి. పైకి లేవడానికి రెండో కాలు సాయం తీసుకోవాలి. మోకాలు చాచి పదిహేను చొప్పున మూడు విడతలు, మోకాలు కొద్దిగా వంచి మళ్లీ మూడు. పొద్దునా సాయంత్రం, పన్నెండు వారాలు. ఆపరేషన్ కోసం వరసలో ఉన్న పదిహేను మంది పరుగువీరులు మళ్లీ పరుగు అందుకున్నారు. అందరికీ ఇదే సరిపోతుందని తర్వాతి పరిశోధనలు చెప్పలేదు. అయినా నొప్పి ఉన్న టెండాన్‌కు మితమైన భారమే మందన్న మాట అప్పట్నించి స్థిరపడింది.

మోకాలి మధ్యలో ఏటవాలుగా ఉండి ఎముకలను కలిపి పట్టే ఏసీఎల్ అనే లిగమెంటు సంగతి ఇంకా ఆసక్తికరం. 1980ల్లో దాన్ని కొత్తగా అమర్చాక కాలును వారాల తరబడి కదలనిచ్చేవాళ్లు కాదు. ఇండియానాపోలిస్ సర్జన్ డొనాల్డ్ షెల్బోర్న్ ఒక విషయం గమనించాడు. డాక్టరు మాట వినకుండా తొందరగా నడిచేసిన రోగుల మోకాళ్లే బాగా వంగుతున్నాయి, బలంగా ఉన్నాయి. 1990లో ఆయన త్వరిత పునరావాస పద్ధతిని ప్రచురించాడు. అయితే త్వరగా నడవడం వేరు, త్వరగా ఆడటం వేరు. కొత్త లిగమెంటుగా అమర్చిన టెండాన్ ముక్కకు మొదట రక్తం అందదు. మొదటి నెలల్లో అది బలపడే ముందు బలహీనపడుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పైన పడుతుంది. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ఒక లెక్క చెప్పారు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగిరావడం వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ప్రమాదం 51 శాతం చొప్పున తగ్గుతుంది.

ఈ లెక్కలేవీ లేని రోజుల్లో ఆ దారి నడిచినవాడు బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్. 1994 జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగింది. ఆ మోకాలికి పలుమార్లు ఆపరేషన్లయ్యాయి. ఆటకు పనికిరాడన్నవాళ్లే ఎక్కువ. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ విజయం నుంచి గచ్చిబౌలి అకాడమీ పుట్టింది. తన మోకాలు నేర్పిన పాఠం వల్లనేమో, అక్కడ ఆటగాళ్ల పక్కనే ఫిజియోలు ఉంటారు. పి.వి. సింధు 2015లో పాదంలో ఎముక చిట్లి ఆటకు దూరమైంది, తర్వాతి ఏడాది రియో ఒలింపిక్స్‌లో రజతం అందుకుంది. 2022 కామన్వెల్త్ స్వర్ణం తర్వాత అలాంటి గాయంతోనే మళ్లీ నెలలు ఆగింది. టీవీలో మనకు పతకం కనిపిస్తుంది. ఆగిన నెలలు కనిపించవు.

ఆ నెలల్లో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే ఆశ్చర్యపోతారు. మోకాలి ఆపరేషన్ అయిన మర్నాడు మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెడతారు. తువ్వాలును మంచానికి అదుముతూ తొడ ముందు కండరం బిగించాలి, అయిదు లెక్కపెట్టి వదలాలి. అంతే పని. చాలామందికి ఆ రోజు కండరం బిగుసుకోదు. కీలులో వాపు ఉన్నంతకాలం నరాలు ఆ కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వవు. ఫిజియో మోకాలిచిప్ప పైన వేళ్లు ఆనించి, చర్మం కింద సన్నగా కదలిక తగిలిన క్షణం పట్టుకుని, అదీ, మళ్లీ అని చెబుతుంది. మూడో రోజు కాలు మంచం మీంచి బెత్తెడు లేస్తుంది. నెలకు సైకిలు పెడలు పూర్తిగా తిరుగుతుంది. తర్వాత ఒంటికాలి మీద కూర్చోవడం, దూకి దిగడం, దిశ మార్చి పరుగెత్తడం. రెండు కాళ్ల బలాన్ని కొలిచి పోల్చాకే ఆటకు అనుమతి. వేడి పెట్టడం, కరెంటు పెట్టడం నొప్పికి కొంత ఉపశమనం ఇస్తాయి. కండరాన్ని పెంచేది, కీలును నమ్మదగినదిగా చేసేది మాత్రం వ్యాయామమే. మెషీన్ కింద పడుకోబెట్టి పది నిమిషాలకు పంపేసే ఫిజియోథెరపీకి డబ్బు కట్టడం దండగ అని నేను గట్టిగా నమ్ముతాను.

2021లో అనుబంధ వైద్య వృత్తుల జాతీయ చట్టం వచ్చింది. ఫిజియోథెరపీకి దేశవ్యాప్త ప్రమాణాలు, నమోదు ఉండాలని అందులో ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ తిరుపతి స్విమ్స్‌లోనూ ప్రైవేటు కాలేజీల్లోనూ ఏటా ఎందరో పిల్లలు ఈ చదువు పూర్తిచేసుకుంటున్నారు. వాళ్లు నగరాల్లోనే ఆగిపోతున్నారు. కబడ్డీ, ఖోఖో ఆడే మండల స్థాయి అమ్మాయికి మోకాలు మెలిపడితే ఊళ్లో ఐసు, పట్నంలో స్కానింగు, ఆపరేషన్, ఇంటికి. ఆ తర్వాతి తొమ్మిది నెలలు ఆమె పక్కన ఎవరూ లేరు. ఆట ఆగిపోతుంది, ఆ పిల్ల మళ్లీ ఎప్పటికీ పరుగెత్తదు. ఇది విధి కాదు, మనం చెయ్యని ఏర్పాటు.

ఖర్చు లేని పనితో మొదలుపెట్టవచ్చు. ఫిఫా 2006లో రూపొందించిన 'ఎలెవెన్ ప్లస్' అనే ఇరవై నిమిషాల వార్మప్‌ను క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. దానికి మెషీన్లు అక్కర్లేదు, మైదానం చాలు. హకీంపేట క్రీడా పాఠశాల నుంచి జిల్లా పరిషత్ హైస్కూలు దాకా పీఈటీ మాస్టార్లందరికీ దాన్ని నేర్పాలి. ప్రతి జిల్లా స్టేడియంలో ఒక ఫిజియోథెరపిస్టు పోస్టు ఉండాలి. క్రీడాశాఖలు ఈ రెండు పనులకీ వచ్చే బడ్జెట్‌లో చోటివ్వాలని కోరుతున్నాను.

పాఠకులకు ఒక్క మాట. మీకో, మీ పిల్లకో ఎముక విరిగినా, లిగమెంటు తెగినా, కీలు మార్చినా, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున డాక్టర్ని మూడు అడగండి. వ్యాయామం ఏ రోజు మొదలుపెట్టాలి, ఎవరి దగ్గర, ఏ పరీక్ష నెగ్గాక ఆటకో పనికో తిరిగి వెళ్లాలి. ఆ మూడింటి జవాబులు డిశ్చార్జి కాగితంలో మందుల పేర్ల కింద రాయించుకోండి.